తమ్ముడిగా తెలిసిన మనిషి చెల్లెలిగా ఇంటికి వస్తున్నప్పుడు

ఇలాంటి సందేహం ఇంకా చాలా ఇళ్లలో ఉంటుంది కనుక, మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీ బాబాయి గారి పెద్ద సంతానం, ఇరవై రెండేళ్లపాటు మీకు తమ్ముడిగా తెలిసిన మనిషి, రెండేళ్లుగా హైదరాబాదులో ఆడపిల్లగా జీవిస్తోంది. వచ్చే నెల మీ గృహప్రవేశానికి మొదటిసారి అలా చుట్టాలందరి ముందుకు రాబోతోంది. అదే సమయంలో మీ ఆఫీసులో ఒక ట్రాన్స్ పురుషుడు, అంటే ఆడపిల్లగా పెంచినా తాను మగవాణ్నని చెప్పి అలా జీవిస్తున్న మనిషి, కొత్తగా ఉద్యోగంలో చేరారు. వారి మీద గౌరవం ఉంది కానీ ఎక్కడ ఏ మాట తప్పు దొర్లుతుందోనని భయంగా ఉంది, రోజువారీ జీవితంలో వారికి తోడుగా నిలబడాలంటే ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

నేను వరంగల్‌లోనూ ఆ తర్వాత హైదరాబాదులోనూ కలిపి పదిహేడేళ్లుగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు, వారికంటే ఎక్కువగా వారి కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. నేను ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని కాను. ఇక్కడ చెప్పేదంతా వారు నాకు ఓపికగా నేర్పినది, కుటుంబాలు చేసిన పొరపాట్ల నుంచి, నేను చేసిన పొరపాట్ల నుంచి తెలుసుకున్నది.

మీరు రాసిన ఒకే పేరాలో ఆమె గురించి ‘వాడు’, ‘తను’, ‘ఆమె’ అనే మూడు మాటలూ వచ్చాయి. తప్పు పట్టడానికి ఈ సంగతి ఎత్తడం లేదు, మీరు తడబడుతున్న చోటే పని మొదలుపెట్టవచ్చు కనుక చెబుతున్నాను. తెలుగులో ‘నేను వచ్చాను’ అన్నా ‘నువ్వు వచ్చావు’ అన్నా ఆడా మగా తేడా తెలియదు. మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే గంటసేపు మాట్లాడినా క్రియాపదం మనల్ని పెద్దగా పట్టివ్వదు. ఆ మనిషి లేచి పక్కగదిలోకి వెళ్లాక, వంటింట్లోంచి ఎవరో ‘అన్నం తిన్నాడా, తిన్నదా’ అని అడిగినప్పుడు మాత్రం మన లోపల ఏముందో బయటపడుతుంది. అందుకే నా దగ్గరకు వచ్చే కుటుంబాలకు నేను మొదట చెప్పేది ఇదే: ఆమె ఎదుట జాగ్రత్తగా ఉండటం అంత కష్టం కాదు, ఆమె అక్కడ లేనప్పుడు ఆమె గురించి మీరు ఎలా మాట్లాడతారన్నదే అసలు విషయం. రాత్రి ఇంట్లోవాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా ‘ఆమె శుక్రవారం వస్తోంది’ అనే అనండి. ఇంట్లో ఒక మాట, ఆమె ముందు మరో మాట అని రెండు లెక్కలు పెట్టుకున్న కుటుంబాలు నలుగురూ చేరిన చోట తప్పకుండా తడబడతాయి, ఆ తడబాటును అందరికంటే ముందు ఆమే వింటుంది.

ఎదురుగా మాట్లాడేటప్పుడు కూడా జారే చోట్లు కొన్ని ఉన్నాయి. ‘ఒక్కడివే వచ్చావా’ అనడానికీ ‘ఒక్కదానివే వచ్చావా’ అనడానికీ మధ్య ఉన్నది చిన్న తేడాయే, కానీ ఇరవై ఏళ్ల అలవాటు ఆ చిన్న తేడాలోనే దాక్కుని ఉంటుంది. ‘ఏరా’, ‘మంచివాడివి’, ‘చిన్నవాడివి’ లాంటివి కూడా అంతే. వీటిని ముందుగా పైకి అని చూసుకోండి. నా దగ్గరకు వచ్చిన ఒక తండ్రి రోజూ పొలానికి వెళ్లే దారిలో ‘మా అమ్మాయి వచ్చింది, మా అమ్మాయి తిన్నది, మా అమ్మాయికి జ్వరం తగ్గింది’ అని తనలో తాను అనుకుంటూ నడిచేవారు. నెల తిరిగేసరికి నాలుక దానంతట అదే తిరిగిందని ఆయన నాతో చెప్పారు. అప్పటికీ నోరు జారితే సరిదిద్దుకుని అదే వాక్యాన్ని ముగించండి, చాలు. అయ్యో అయ్యో అంటూ చెంపలు వేసుకుంటే, నొచ్చుకున్న మనిషే మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది.

‘అది’ అనే మాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇళ్లలో అక్క చెల్లెల్ని, తల్లి కూతుర్ని ‘అదింకా లేవలేదు’ అంటారు, అందులో చనువు ఉంది. అదే మాటను బయటివాళ్లు ఒక ట్రాన్స్ మహిళ గురించి వాడినప్పుడు ఆమెను మనుషుల్లోంచి తీసి వస్తువుల్లో పెడుతున్నారు. కనుక ఈ మాట ఎవరి నోట వస్తోంది, ఎలా వస్తోంది అన్నది గమనించండి. మీ పిన్ని ఏదో ఒక రోజు ‘అది ఫోనెత్తడం లేదురా’ అని కూతురి మీద విసుక్కుంటే అది సంతోషించవలసిన రోజు. మీ పక్కింటాయన అదే మాట అంటే మాత్రం ‘ఆమె’ అని మీరు సరిదిద్దాలి. ఇంకొందరు ఈ చిక్కంతా తప్పించుకోవడానికి ‘వారు’, ‘గారు’, ‘వచ్చారు’ అంటూ గౌరవ వాచకంలోకి వెళ్లిపోతారు. కొత్తవారి విషయంలో, ఆఫీసులో, అది మంచి పద్ధతే. ఇరవై ఏళ్లు కలిసి పెరిగిన చెల్లెల్ని ‘వారు’ అంటే ఆమెకు అది గౌరవంగా వినపడదు, దూరం పెడుతున్నట్టు వినపడుతుంది.

వరసల సంగతి మన కుటుంబాల్లో మరీ ముఖ్యం. ఒక్క మనిషి తమ్ముడి నుంచి చెల్లెలిగా మారితే చుట్టూ ఉన్న ఇరవై మంది పిలుపులూ మారతాయి. మీ పిల్లలకు ఆమె ఇక బాబాయి కాదు, మేనత్త. మీ అక్క పిల్లలకు మామయ్య కాదు, పిన్ని. పిల్లలకు ఒకసారి చెబితే సరిపోతుంది, వాళ్లకు ఇందులో కష్టమేమీ ఉండదు. చిక్కు వచ్చేది మేనరికపు వరసల్లో. నిన్నటిదాకా బావమరిది అయిన మనిషి ఈ రోజు మరదలు వరస అయ్యేసరికి, పెళ్లిళ్లలో సరసాలాడే అలవాటున్న మగవాళ్లు ‘అయితే నాకే ఇచ్చి చెయ్యండి’ లాంటి మాటలు మొదలుపెడతారు. సొంత మరదలితో ఆడే పరిహాసంలో ఆ పిల్లను ఇంటి ఆడపిల్లగా చూసే చనువు ఉంటుంది, ఇక్కడ మాత్రం ఆమె ఉనికినే నవ్వులాటగా మారుస్తున్నారు. ఆ క్షణంలో కలగజేసుకోవలసింది మీరే. గట్టిగా అరవనక్కర లేదు, ‘బావా, ఆ మాట వద్దు’ అని ఆయన కళ్లలోకి చూసి చెబితే సాధారణంగా ఆగిపోతుంది.

ఇతర మాటల విషయంలో ఎక్కువ చెప్పను. కొజ్జా, మాడా లాంటివి తిట్లు, అవి ఏ సందర్భంలోనూ వాడదగినవి కావు. హిజ్రా అన్నది తిట్టు కాదు, గురువు, చేలా (శిష్యురాలు), జమాత్ (సంఘం) అనే కట్టుబాట్లతో తరతరాలుగా వస్తున్న ఒక సమాజం పేరు. అయితే ప్రతి ట్రాన్స్ మహిళా ఆ సమాజంలో చేరదు, చేరనివారిని ఆ పేరుతో పిలవడం సరికాదు. మన పత్రికలు మర్యాద అనుకుని రాసే ‘బృహన్నల’ అనే మాట కూడా చాలామందికి నచ్చదు. అజ్ఞాతవాసంలో ఏడాదిపాటు అర్జునుడు ధరించిన వేషం అది, నాది వేషం కాదు కదా మేడమ్ అని ఒక ట్రాన్స్ మహిళ నాతో అన్నది. ఆ మాట విన్న తర్వాత నేను ఆ పదం వాడటం మానేశాను. ట్రాన్స్ మహిళ, ట్రాన్స్ పురుషుడు అంటే చాలు, అది కూడా అవసరమైన చోట మాత్రమే. మీ ఇంట్లో ఆమె మీ చెల్లెలు, అంతకు మించిన విశేషణం అవసరం లేదు.

గృహప్రవేశం గురించి నేను ఎందుకు ఇంత పట్టించుకుంటున్నానో చెప్పాలి. పదేళ్ల కిందట జనగామ వైపు ఒక ఊళ్లో ఇలాంటి వేడుకకే ఒక ట్రాన్స్ మహిళతో కలిసి వెళ్లాను. అది ఆమె సొంత మేనమామ ఇల్లు. ఆడవాళ్లమంతా చాప మీద వరసగా కూర్చున్నాం, ఇంటి పెద్దకోడలు కుంకుమ భరిణె పట్టుకుని ఒక్కొక్కరికీ బొట్టు పెడుతూ వస్తోంది. మా ముందున్నావిడకు పెట్టింది, ఆ తర్వాత చేయి ఒక్క క్షణం గాలిలో ఆగింది, ఆగి, ఆమెను దాటి నా నుదుటి మీదకు వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. తాంబూలం దగ్గర మాకందరికీ ఆకూ వక్కా పండుతో పాటు జాకెట్ ముక్క పెట్టి ఇచ్చారు, ఆమె చేతిలో మాత్రం వంద నోటు పెట్టి, ‘దీవించమ్మా, నీ దీవెన మంచిది’ అన్నారు. వాళ్లు ఆ మాట చెడు ఉద్దేశంతో అనలేదు, నిజంగానే గౌరవిస్తున్నాం అనుకున్నారు. కానీ ఇంటి ఆడపడుచుగా వచ్చిన మనిషిని గుమ్మం ముందుకు దీవించి డబ్బు తీసుకుపోవడానికి వచ్చిన మనిషిగా మార్చేశారు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమె ఆ నోటును మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చున్నది. ఆ రోజు నేను నోరు విప్పి ‘ఇక్కడ బొట్టు మరిచిపోయారు’ అని ఒక్క మాట అని ఉండవలసింది.

కనుక మీ ఇంట్లో వేడుకకు రెండు రోజుల ముందే, బొట్టు పెట్టేవారు ఎవరో, తాంబూలాలు సర్దేవారు ఎవరో చూసుకుని వాళ్లతో విడిగా మాట్లాడండి. చెల్లెలికి అందరితో పాటే బొట్టు, అందరితో పాటే తాంబూలం, బట్టలు పెట్టే పద్ధతి ఉంటే ఆమెకూ చీరే పెట్టాలని స్పష్టంగా చెప్పండి. దీవెన అడగడం, రూపాయి బిళ్ల ఇమ్మని అడిగి పర్సులో దాచుకోవడం లాంటివి చేయవద్దని కూడా అప్పుడే చెప్పండి. ఇలాంటివి వేడుక మధ్యలో సరిదిద్దబోతే అందరి చూపూ ఆమె మీద పడుతుంది, ముందు రోజు చెబితే ఏమీ జరగనట్టే జరిగిపోతుంది. అయితే ఇవన్నీ ఏర్పాటు చేసే ముందు ఆమెకు ఏది ఇష్టమో ఆమెనే అడగండి. అందరిలో కూర్చోవాలని ఉందా, పక్కన ఎవరుంటే బాగుంటుంది, ఎవరి ముందు పడటం ఇష్టం లేదు అని అడిగితే ఆమే చెబుతుంది. మనం ప్రేమ కొద్దీ వేసే ప్రణాళికలు కొన్నిసార్లు ఆ మనిషిని ప్రదర్శనకు పెట్టినట్టు అవుతాయి.

మీ బాబాయి గారి హాల్లో ఆమె ధోతీ ఫంక్షన్ ఫోటో పెద్దది కట్టించి పెట్టారని రాశారు, దాన్ని తీసేయాలా అని అడిగారు. మీరు నిర్ణయించవద్దు. అలాంటి ఫోటో చూడలేనివారు ఉన్నారు, ఓణీల ఫంక్షన్ ఆల్బమ్‌ను పెట్టె అడుగున పారేసి తాళం వేయమన్న ట్రాన్స్ పురుషులు నాకు తెలుసు. అలాగే, పక్కన నానమ్మ ఉంది కనుక అలాంటి ఫోటోను ఫోన్లో దాచుకున్న ట్రాన్స్ మహిళ కూడా నాకు తెలుసు. అది ఆమె బాల్యం, ఉంచాలో తీయాలో ఆమె చెప్పాలి.

మన ఇళ్లలో ఆరా తీయడాన్ని ప్రేమ అనుకుంటాం. జీతమెంత, పిల్లలెందుకు లేరు, గర్భసంచి ఎందుకు తీశారు, అన్నీ అడుగుతాం. ఆ అలవాటుతోనే పెద్దమ్మలు, అత్తమ్మలు ఆమెను పక్కకు పిలిచి ‘ఆపరేషన్ అయిందా’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు, ఆపరేషన్ అయినా కాకపోయినా ఆమె చెప్పినదే ఆమె. ‘ఎక్కడ ఉంటున్నావు, వంట నువ్వే చేసుకుంటున్నావా, ఉద్యోగం ఎలా ఉంది’ అని అడగవచ్చు, రెండేళ్లుగా ఆమెను ఈ మాటలు అడిగినవారు కుటుంబంలో ఎవరూ ఉండి ఉండకపోవచ్చు.

ఇక బాబాయి, పిన్నిల సంగతి. కుటుంబాలతో నేను ఎక్కువ కాలం గడిపేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. వాళ్ల దుఃఖం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. కొడుకు పోయాడన్న భావన, నలుగురూ ఏమంటారోనన్న భయం, తలకొరివి ఎవరు పెడతారన్న బెంగ, చిన్నమ్మాయికి సంబంధాలు రావేమోనన్న ఆందోళన, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. మీరు ఆమె వైపు మాట్లాడుతున్నారు కనుక తమకు వ్యతిరేకమని వాళ్లు అనుకోకుండా చూసుకోవాలి. పిన్ని ఏడిస్తే ఏడవనివ్వండి, పక్కన కూర్చోండి, కానీ ఆ ఏడుపు కూతురి భుజం మీద కాకుండా మీ భుజం మీద పడేలా చూడండి. ఇది ఎవరికీ కనపడని పెద్ద సహాయం.

డాక్టరుకు చూపిద్దాం, దర్గాకు తీసుకెళ్దాం, పెళ్లి చేస్తే సర్దుకుంటుంది అనేవారు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో దీన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించింది, ఆ వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. మార్చేస్తామని చెప్పి చేసే చికిత్సలను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణించాలని మన దేశపు నేషనల్ మెడికల్ కమిషన్ అదే ఏడాది రాష్ట్రాల వైద్య మండళ్లకు తెలియజేసింది. పెళ్లి మాట అయితే మరీ ప్రమాదకరం, ముఖ్యంగా ట్రాన్స్ పురుషుల విషయంలో. ఆడపిల్లగా పుట్టిన బిడ్డ తాను మగవాణ్నని చెప్పగానే నెల తిరక్కుండా సంబంధం చూసి పంపేసిన కుటుంబాలను నేను చూశాను, అక్కడ నష్టపోయింది ఇద్దరు మనుషులు. తల్లిదండ్రులకైనా పిల్లలకైనా మనసు మరీ కుంగిపోతే టెలి మానస్ సహాయ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు.

చిన్నమ్మాయి పెళ్లయ్యేదాకా ఆమెను ఊరికి రావద్దనడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: దానికి ఒప్పుకోకండి. దాచి చేసిన సంబంధం రేపు తెలిసినప్పుడు చిన్నమ్మాయికే కష్టం, పెద్దమ్మాయికి మాత్రం చెల్లెలి పెళ్లి కూడా లేకుండా పోతుంది. ఆస్తి మాట వస్తే, అమ్మాయిగా మారింది కనుక వాటా లేదనేవారికి చెప్పండి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు 1985 సెప్టెంబరు నుంచే ఉంది, 2005లో దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు వచ్చింది. కొడుకైనా కూతురైనా వాటా ఒకటే. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంగా కుటుంబ సభ్యురాలిని ఇంట్లోంచి పంపేయకూడదని 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం చెప్పింది. ఇవి కోర్టుకెక్కడానికి చెప్పడం లేదు, కుటుంబంలో పెద్దమనుషులు తీర్పులు చెప్పే వేళ మీ చేతిలో ఉండటానికి చెబుతున్నాను.

పెద్దవాళ్ల భయం గాలిలోంచి వచ్చింది కాదని కూడా గుర్తుంచుకోవాలి. నిజాం పాలనలో 1919లో తెలంగాణ ప్రాంతంలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వం నపుంసకుల పేర్లు రిజిస్టరులో రాయించేది, ఆడబట్టల్లో, నగలతో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగిలి, మరికొందరు వేసిన పిటిషన్ల మీద తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది, ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ వర్తింపజేయాలని ఆదేశించింది. అంటే నూరేళ్లకు పైగా కాగితం మీద ఆమెలాంటి మనిషి వీధిలో నడవడమే నేరంగా ఉండింది. తాను ఎవరన్నది నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదేనని సుప్రీంకోర్టు, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో 2014 ఏప్రిల్ 15న చెప్పిన తర్వాత కూడా ఆ పాత కాగితం తొమ్మిదేళ్లు అలాగే ఉంది. మీ బాబాయి గారి తరం ఆ నీడలో పెరిగింది, వాళ్లకు కొంత సమయం ఇవ్వడం న్యాయమే. ‘వాళ్లకు సిగ్నళ్ల దగ్గర చేయి చాచడం తప్ప ఇంకేం బతుకుంది’ అని ఆయన అంటే, 2024 డిసెంబరులో హైదరాబాదులో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా యూనిఫాం వేసుకుని అవే సిగ్నళ్ల దగ్గర విధుల్లో చేరారని చెప్పండి. ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ఉద్యోగంలో చేరారని కూడా చెప్పండి.

ఆఫీసు విషయం వేరు, ఎందుకంటే అక్కడ చనువు లేదు, చనువు తెచ్చిపెట్టుకోనక్కర కూడా లేదు. మీ సహోద్యోగి ట్రాన్స్ పురుషుడని మీకు ఎలా తెలిసిందో రాయలేదు. ఆయనే చెప్పి ఉంటే అది మీకు చెప్పినది, మీరు ఇంకొకరికి చెప్పడానికి కాదు. మద్దతు ఇస్తున్న ఉత్సాహంలో ‘మా టీములో ఒక ట్రాన్స్ పర్సన్ ఉన్నారు తెలుసా’ అని క్యాంటీన్‌లో చెప్పడం వల్ల ఉద్యోగం మానుకోవలసి వచ్చిన మనిషి నాకు తెలుసు. ఒక సంస్థవారు తమ దగ్గర పనిచేసే ఒక ట్రాన్స్ పురుషుడి విషయంలో నన్ను పిలిచినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న అతను మధ్యాహ్నం ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతున్నాడని. ఎవరికీ అర్థం కాలేదు. ఆ అబ్బాయి ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా చుక్క నీరు తాగేవాడు కాదు, ఎందుకంటే ఆడవాళ్ల టాయిలెట్‌కు వెళ్లలేడు, మగవాళ్ల టాయిలెట్‌లో తలుపు గడియ సరిగా పడదు. ఆ గడియ బాగుచేయించడానికి ఎవరూ అవగాహన సదస్సు పెట్టనక్కర లేదు. మీ ఆఫీసులో ముందు ఆ తలుపులు చూడండి. తర్వాత గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఏమని పిలుస్తున్నారో, హాజరు యంత్రంలో, జీతం చీటీలో, మెయిల్‌లో ఏ పేరు వస్తోందో చూడండి. అధికారిక కాగితాల్లో పాత పేరు మారడానికి సమయం పట్టవచ్చు, కానీ మెయిల్‌లో, గుర్తింపు కార్డు మీద పిలుచుకునే పేరు పెట్టడానికి చాలా చోట్ల ఒక్క విజ్ఞప్తి సరిపోతుంది. ఆయనకు అభ్యంతరం లేకపోతే ఆ విజ్ఞప్తి మీ పేరు మీద వెళ్లడం మంచిది, ప్రతిసారీ తన కోసం తానే అడుక్కోవలసి రావడం మనిషిని అలసిపోయేలా చేస్తుంది.

బయట పనుల్లో మీ తోడు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే చోట్లు రెండు: అద్దె ఇల్లు, ఆసుపత్రి. టులెట్ బోర్డు చూసి ఆమె ఒక్కతే వెళితే ఇల్లు అప్పుడే ఎవరికో ఇచ్చేశామంటారు, లేదా అడ్వాన్సు రెట్టింపు చెబుతారు. మీరు వెంట వెళ్లి ‘మా చెల్లెలు, అద్దెకు నేను పూచీ’ అంటే సగం పని అయిపోతుంది. ఇలా ఒక మగమనిషి పూచీ మీద ఇల్లు దొరకవలసి రావడం న్యాయం కాదు, కానీ రేపు సాయంత్రానికి ఆమెకు తల మీద కప్పు కావాలి. ఆసుపత్రిలో ఓపీ చీటీ మీద పాత పేరు ఉంటే, కౌంటరు దగ్గర పని చేసేవారితో ముందే మాట్లాడి టోకెన్ నంబరుతోనో ఇంటిపేరుతోనో పిలవమనండి. నిండిన హాల్లో మగపేరు కేకవేయగా చీరకట్టుకున్న మనిషి లేచి నిలబడవలసి వస్తుందన్న భయంతో జ్వరాన్ని వారాల తరబడి భరించినవారు ఎందరో ఉన్నారు.

కాగితాల పనిలో కూడా వెంట ఉండండి. 2019 చట్టం, దాని కింద 2020లో వచ్చిన నియమాలతో కలెక్టరు ద్వారా గుర్తింపు పత్రం పొందే విధానం ఏర్పడింది. ఆ విధానంలో మార్పులు జరుగుతుంటాయి కనుక, జిల్లాలో దివ్యాంగుల, వయోవృద్ధుల, ట్రాన్స్‌జెండర్ల సంక్షేమం చూసే శాఖ కార్యాలయంలో ముందుగా కనుక్కుని వెళ్లండి. ఆధార్ కంటే పదో తరగతి మెమో దగ్గరే ఎక్కువ తిరగవలసి వస్తుంది, ఓపిక పట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఉండే అర్హులకు 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. ఆమె కాకపోయినా ఆమె స్నేహితుల్లో ఎవరికైనా పనికిరావచ్చు.

కుటుంబ వాట్సాప్ గ్రూపులో మగవాళ్లు ఆడవేషం వేసి నవ్వించే వీడియోలు వస్తాయని రాశారు. ఉపన్యాసం వద్దు. ఆమె ఆ గ్రూపులో ఉన్నా లేకపోయినా ‘ఇది మన చెల్లెలికి బాధగా ఉంటుంది, ఇలాంటివి పెట్టకండి’ అని ఒక్క వాక్యం రాయండి, మళ్లీ వస్తే మళ్లీ అదే వాక్యం రాయండి. అలాగే సిగ్నల్ దగ్గర ఎవరో కారు అద్దం తట్టారని ఎవరైనా విసుక్కుంటే దానికి మీ చెల్లెలు జవాబుదారీ కాదు. డబ్బు ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం, ఇవ్వకపోతే మొహం తిప్పుకోకుండా ‘ఈసారి లేదు అక్కా’ అంటే చాలు. కారులో వెనక సీట్లో కూర్చున్న మీ పిల్లలు ఆ మాటే నేర్చుకుంటారు.

ఇవన్నీ ఒకేసారి మీ చేతుల మీదుగా జరగవు, గృహప్రవేశం రోజున ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు కూడా. ప్రస్తుతానికి ఈ రోజే ఆమెకు ఫోన్ చేసి ఏ బస్సుకు వస్తోందో కనుక్కోండి. రాత్రి బస్సు అయితే తెల్లవారుజామున నాలుగున్నరకు బస్టాండులో ఆటోవాళ్ల మధ్య సంచి పట్టుకుని ఆమె ఎదురుచూస్తూ నిలబడకుండా, బస్సు రాకముందే మీరు అక్కడ ఉండండి. సంచి అందుకుంటూ, ఇంటికి ఎవరు వచ్చినా అడిగినట్టే, ‘ఒక్కదానివే వచ్చావా, తోడు ఎవరైనా ఉన్నారా’ అని అడగండి.